జలుబు తగ్గింది, వాసన రాలేదు: వైరస్ జబ్బుల తర్వాత పోయిన ఘ్రాణశక్తిపై తరచుగా అడిగే ప్రశ్నలు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో జలుబు, ఫ్లూ, కోవిడ్ వంటి జ్వరాల తర్వాత వాసన తెలియక ఇబ్బంది పడుతున్నవారి కోసం, వారి ఇంట్లోవాళ్ళ కోసం ఈ జవాబులు. కన్ను, చెవి పోతే ఊరంతా పరామర్శిస్తారు. వాసన పోతే ఇంట్లోవాళ్ళు కూడా ‘అదే వస్తుందిలే’ అని వదిలేస్తారు. చాలామందికి నిజంగానే వస్తుంది. రానివాళ్ళకు మాత్రం చేయవలసిన పని ఒకటుంది, అది ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది.

రొంప తగ్గి పదిహేను రోజులైంది, వాసన తెలియడం లేదు. ముక్కు దిబ్బడ వల్లా, లోపల నరం దెబ్బతినా?

రెండు కారణాలూ ఉండవచ్చు. ముక్కు మూసుకుపోయి ఉంటే గాలి పైదాకా వెళ్ళదు, కాబట్టి వాసన తెలియదు. దిబ్బడ వదలగానే అది తిరిగి వస్తుంది. గాలి రెండు రంధ్రాల్లోంచి చక్కగా ఆడుతున్నా వాసన లేదంటే, ముక్కు పైభాగంలో వాసన పట్టే పొర దెబ్బతిందని అనుకోవాలి.

ఇంట్లో ఇలా చూసుకోండి. కళ్ళు మూసుకుని, ఒక ముక్కు రంధ్రం వేలితో మూసి, రెండోదాని దగ్గర కాఫీ పొడి, నలిపిన లవంగం, గిల్లిన నిమ్మతొక్క, సబ్బు ఒకదాని తర్వాత ఒకటి ఇంట్లోవాళ్ళ చేత పెట్టించుకోండి. రెండు మూడు సెంటీమీటర్ల దూరం చాలు. తర్వాత రెండో రంధ్రంతో అదే చేయండి. నాలుగింటిలో ఒక్కటీ చెప్పలేకపోతే లెక్కలోకి తీసుకోవాల్సిందే.

ఇక్కడ చాలామంది ఒకచోట పొరపడతారు. తాలింపులో ఎండుమిరపకాయ మాడితే దగ్గు వస్తుంది, కళ్ళు నీళ్ళు కారతాయి. ‘చూశారా, వాసన తెలుస్తోంది’ అంటారు. ఆ ఘాటును పట్టేది వాసన నరం కాదు, ముఖమంతా విస్తరించిన ట్రైజెమినల్ నాడి. కర్పూరం, అమృతాంజనం, అమ్మోనియాల చురుకు కూడా కొంతమేర దానిదే. వాసన పూర్తిగా పోయినవాళ్ళకీ ఇవి తెలుస్తాయి. అందుకే పరీక్షకు కాఫీ, వనిల్లా, గులాబీ వంటి ఘాటులేని వాసనలు మేలు.

రుచి కూడా పోయింది. అన్నం గడ్డి తిన్నట్టుంది. నాలుక కూడా చెడిందా?

చిటికెడు ఉప్పు, పంచదార, నిమ్మరసం, కాకరకాయ ముక్క విడివిడిగా నాలుక మీద వేసుకోండి. ఈ నాలుగూ తెలుస్తుంటే నాలుక బాగానే ఉంది. మనం రుచి అనుకునేదానిలో పెద్ద భాగం వాసనే. నమిలేటప్పుడు గొంతు వెనక నుంచి ముక్కులోకి ఎక్కే ఆవిరే పనసపొట్టు కూరను పనసపొట్టు కూరగా, ఆవ పెట్టిన పులుసును పులుసుగా తెలియజేస్తుంది. అది లేకపోతే మిగిలేవి పులుపు, ఉప్పు, కారం, మెత్తదనం, కరకర.

ఒక్క జాగ్రత్త. రుచి లేదని ఉప్పు ఎక్కువేసుకోవడం అలవాటవుతుంది. రక్తపోటు ఉన్నవాళ్ళు పులుపు, మిరియాలు, శొంఠి పెంచుకోండి, ఉప్పు డబ్బా ముట్టకండి.

వైరస్ అసలు ముక్కులో ఏం చేస్తుంది?

ముక్కు పైకప్పులో, రెండు కళ్ళ మధ్య ఎత్తున, తపాలా బిళ్ళంత మేర ఒక పొర ఉంటుంది. వాసన పట్టే నాడీకణాలు అందులోనే ఉంటాయి. వాటి తోకలు జల్లెడలాంటి ఎముకలోని చిల్లుల గుండా, మెదడు అడుగున వాసన కబురు అందుకునే ‘ఘ్రాణ గడ్డ’ అనే భాగానికి చేరతాయి. మనిషిలో ఈ పనికి సుమారు 400 రకాల గ్రాహకాలు, అంటే వాసన అణువులను పట్టుకునే కొక్కేల్లాంటివి, ఉన్నాయి. ఈ గ్రాహకాల జన్యువులను లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్ 1991లో కనిపెట్టారు. 2004లో వారికి నోబెల్ వచ్చింది.

కోవిడ్ వచ్చిన కొత్తలో వైరస్ నేరుగా నరాన్నే తినేస్తోందని అందరూ భయపడ్డారు. 2020 జూలైలో హార్వర్డ్ నుంచి వచ్చిన పరిశోధన వేరే మాట చెప్పింది. వైరస్ లోపలికి దూరడానికి వాడుకునే ఏస్-2 అనే తలుపు వాసన నాడీకణాల మీద దాదాపు లేదు. వాటి చుట్టూ ఉండి వాటికి తిండి, తడి అందించే ఆసరా కణాల మీద ఉంది. పందిరి గుంజలు కూలితే తీగ నేలకు వాలినట్టు, ఆసరా కణాలు చచ్చిపోతే నాడీకణాలు పని మానేస్తాయి. 2022లో మరో విషయం తేలింది. ఇన్ఫెక్షన్ తర్వాత ఆ నాడీకణాల కేంద్రకంలో జన్యువుల అమరిక చెదిరిపోయి, వాసన గ్రాహకాలు తయారవడమే తగ్గిపోతుంది. కణం బతికే ఉంటుంది, పని మాత్రం చేయదు. అదే ఏడాది చివర్లో, నెలల తరబడి వాసన రానివారి ముక్కు పొర ముక్కలను పరీక్షించినవారికి వైరస్ కనిపించలేదు. దానిమీద యుద్ధానికి వచ్చిన టి-కణాలు అనే రోగనిరోధక కణాలు మాత్రం ఇంకా అక్కడే కాపు కాసి, వాపు నడిపిస్తున్నాయి.

ఇది కోవిడ్‌తోనే మొదలైందా?

కాదు. మామూలు జలుబు తెచ్చే రైనోవైరస్‌లు, ఫ్లూ, పారాఇన్‌ఫ్లూయెంజా, పాత కరోనా వైరస్‌లు ఎప్పటినుంచో ఈ పని చేస్తున్నాయి. వైరస్ జబ్బులు వాసన పోవడానికి ముఖ్యమైన కారణాల్లో ఒకటని ముక్కు డాక్టర్లకు ముందే తెలుసు. కోవిడ్ ఆ సంఖ్యను ఒక్కసారిగా లక్షల్లోకి తెచ్చింది. మన దేశ ఆరోగ్యశాఖ 2020 జూన్‌లో వాసన, రుచి పోవడాన్ని కోవిడ్ లక్షణాల జాబితాలో చేర్చింది. ముక్కు కారకుండా, దిబ్బడ లేకుండా ఉన్నపళంగా వాసన పోవడం తొలి రకాల్లో పెద్ద గుర్తు. ఒమిక్రాన్ నాటికి అది బాగా తగ్గింది.

మళ్ళీ వస్తుందా? ఎన్నాళ్ళు పడుతుంది?

వాసన నాడీకణాలకు, మిగతా నాడీకణాల్లో చాలావాటికి లేని ఒక వరం ఉంది. పొర అడుగున ఉన్న మూలకణాల నుంచి అవి జీవితాంతం కొత్తగా పుడుతూనే ఉంటాయి. ఆశకు ఆధారం ఇదే.

కోవిడ్ తర్వాత వాసన పోయినవారి మీద జరిగిన అనేక పరిశోధనలను కలిపి లెక్కగట్టి 2022లో ప్రచురించారు. 30 రోజులకు సుమారు 74 శాతం, 90 రోజులకు 90 శాతం, 180 రోజులకు దాదాపు 96 శాతం మందికి తిరిగి వచ్చింది. దీర్ఘకాలం ఇబ్బంది మిగిలినవారు సుమారు 5.6 శాతం. ఇవి ఎక్కువగా మనుషులు నోటితో చెప్పిన లెక్కలు. పరికరాలతో కొలిస్తే, పూర్తిగా వచ్చేసిందనుకున్నవారిలోనూ కొంత లోటు కనిపిస్తుంది. ఆరు నెలలు దాటినా ఆశ వదలనక్కర్లేదు. ఏడాది, రెండేళ్ళ తర్వాత మెరుగైనవారు ఉన్నారు.

ఒకే ఇంట్లో నలుగురికి జ్వరం వస్తే ఒక్కరికే ఎందుకు పోతుంది?

కొంత జన్యువుల వల్ల. సుమారు 70 వేల మంది సమాచారంతో 2022లో వచ్చిన పరిశోధనలో యూజీటీ2ఏ1, యూజీటీ2ఏ2 అనే జన్యువుల దగ్గర తేడా కనిపించింది. ముక్కులో చేరిన వాసన అణువులను శుభ్రం చేసే ఎంజైములను తయారుచేయించే జన్యువులు ఇవి. వయసు పెరిగేకొద్దీ కోలుకోవడం నెమ్మదిస్తుంది. ఇది ఎవరి అశ్రద్ధా కాదు, పథ్యం తప్పడం అంతకన్నా కాదు.

‘వాసన సాధన’ అంటున్నారు. ఇంట్లో ఎలా చేయాలి?

ఇప్పటివరకు ఉన్న వైద్యాల్లో ఖర్చు తక్కువ, హాని దాదాపు లేనిది, ఆధారం ఉన్నది ఇదే. జర్మనీలోని డ్రెస్డెన్‌లో థామస్ హమ్మెల్ బృందం 2009లో దీన్ని పరీక్షించింది. 40 మంది 12 వారాలపాటు రోజుకు రెండుసార్లు గులాబీ, నీలగిరి, నిమ్మ, లవంగం వాసనలు చూశారు, 16 మంది చూడలేదు. సాధన చేసినవారిలో మెరుగు కనిపించింది. ఆ నాలుగు వాసనలూ మన ఊళ్ళలో దొరికేవే కావడం మన అదృష్టం.

కావలసినవి: మూత గట్టిగా పట్టే 30 మిల్లీలీటర్ల ముదురు రంగు గాజు సీసాలు నాలుగు. వెడల్పు మూతివైతే ఇంకా మంచిది. ప్లాస్టిక్ వద్దు, నూనె దాన్ని తినేస్తుంది, పాత వాసనా వదలదు. దూది లేదా మందపాటి అద్దుడు కాగితం. లవంగ నూనె, నీలగిరి తైలం మందుల షాపుల్లో, ఆయుర్వేద దుకాణాల్లో దొరుకుతాయి. గులాబీకి అత్తరు లేదా సుగంధ తైలం తీసుకోండి. పన్నీరు చాలా పలచన, పనికిరాదు. నిమ్మకు తైలం దొరక్కపోతే తాజా తొక్కను రోజూ మార్చి వాడండి.

ఒక్కో సీసాలో ఉండచుట్టిన దూది పెట్టి, సుమారు ఒక మిల్లీలీటరు, అంటే 20 చుక్కల తైలం వేయండి. దూది తడవాలి, అడుగున నూనె నిలవకూడదు. పేరు రాసి అంటించండి. ఎండ తగలని చోట, వంటగదికి దూరంగా ఉంచండి. రెండు మూడు నెలలకోసారి దూది మార్చి కొత్తగా వేయండి.

పొద్దున టిఫినుకు ముందు, రాత్రి పడుకునే ముందు కూర్చోండి. ఫ్యాను ఆపండి. సీసా మూత తీసి ముక్కుకు రెండు సెంటీమీటర్ల దూరంలో పట్టుకుని, 15 నుంచి 20 సెకన్లు చిన్న చిన్నగా పీల్చండి. కుక్క నేల వాసన చూసినట్టు, పొట్టిగా, మెత్తగా. గట్టిగా గుండెలనిండా లాగితే గాలి తిన్నగా ఊపిరితిత్తులకు పోతుంది, పైపొరకు అందదు. పీల్చేటప్పుడు ఆ వస్తువునే మనసులో తలుచుకోండి. లవంగమైతే పలావులో కొరికిన లవంగం, నీలగిరి అయితే వానకు తడిసిన నీలగిరి తోట. మూత పెట్టి అరనిమిషం మామూలుగా ఊపిరి తీసి రెండోదానికి వెళ్ళండి. మొత్తం ఐదు నిమిషాలు దాటదు.

కనీసం 12 వారాలు, కుదిరితే ఆరు నుంచి తొమ్మిది నెలలు చేయండి. మూడు నెలలకోసారి వాసనలు మారిస్తే ఫలితం మెరుగని 2015లో తుర్కియే పరిశోధకులు చూపారు. వారు రెండో విడతకు వాడినవి మెంథాల్, థైమ్, కమలా, మల్లె. మనకు పుదీనా పువ్వు, వాము, కమలాతొక్క, మల్లెలు సరిపోతాయి. థైమ్ ఆకులో ముఖ్యంగా ఉండే థైమాలే మన వాములోనూ ఉంటుంది. గింజలను అరచేతిలో నలిపి వాసన చూస్తే చాలు.

తైలాలు చర్మానికి, కంటికి తగలనీయకండి, లవంగ నూనె మండిస్తుంది. పిల్లలకు అందనీయకండి. నీలగిరి తైలం కొద్దిగా మింగినా చిన్నపిల్లలకు ఫిట్స్ వస్తాయి. ఉబ్బసం ఉన్నవాళ్ళకు ఆయాసం మొదలైతే ఆ సీసా ఆపేయాలి.

నెల రోజులు చేశాం, ఏమీ తెలియలేదు. ఎక్కడ తప్పు?

తరచుగా జరిగేవి ఇవి: మూడు వారాలకే విసుగొచ్చి మానేయడం, తైలం ఆరిపోయినా అదే దూది వాడటం, సాంబ్రాణి, అగరుబత్తి పొగనే సాధన అనుకోవడం, సెల్‌ఫోను చూస్తూ పీల్చడం. పొగ పొరను రేపుతుంది, మేలు చేయదు.

నెలరోజులకు ఏమీ తెలియకపోవడం మామూలే. కొత్త కణం పుట్టి, తోక సాగి, మెదడుకు అతుక్కోవాలి. రోజూ కొలుచుకోకుండా ఆదివారం మాత్రం ఒక నోటుపుస్తకంలో నాలుగు వాసనలకు సున్నా నుంచి పది దాకా మార్కులు వేసుకోండి. ‘ఏదో ఉంది, ఏమిటో తెలియదు’ అనిపించినా ఒక మార్కు వేయండి. తొలి కదలిక చాలాసార్లు అలాగే ఉంటుంది.

ఆవిరి, ఆవనూనె చుక్కలు, కర్పూరం, జింకు?

ఆవిరి దిబ్బడకు కాస్త హాయి, వాసన నరానికి ఏమీ చేయదు. మరిగే గిన్నె మీద దుప్పటి కప్పుకుని పిల్లలు కాల్చుకోవడం కొత్త కాదు. ముక్కులో నూనె చుక్కలు వేస్తే ఊపిరితిత్తుల్లోకి జారి న్యుమోనియా తేగలవు. కర్పూరం ముద్దగా కట్టి రోజంతా పీల్చకండి.

జింకు గురించి గట్టిగా చెప్పాలి. 1937లో కెనడాలోని టొరంటోలో పోలియో రాకుండా పిల్లల ముక్కుల్లో జింక్ సల్ఫేటు కొట్టారు. పోలియో ఆగలేదు, కొందరికి వాసన పోయింది. జలుబుకని అమ్మిన జింకు ముక్కు జెల్‌లను వాడవద్దని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2009లో హెచ్చరించింది. జింకు ఏ రూపంలోనూ ముక్కులో వేయకూడదు.

ముక్కు ఉప్పునీటితో కడగవచ్చా?

శ్లేష్మం, అలర్జీ ఉంటే మంచిదే. పావు లీటరు నీటికి అర టీ చెంచాకు కాస్త తక్కువ అయోడిన్ లేని ఉప్పు, చిటికెడు తినే సోడా. నూతి నీరు, బోరు నీరు, కుళాయి నీరు అలాగే వాడకండి. ముక్కు గుండా మెదడుకు ఎక్కే అమీబా ఉంటుంది, అరుదే అయినా ప్రాణాంతకం. నీరు కళపెళ కాగిన తర్వాత మూడు నిమిషాలు మరగనిచ్చి, గోరువెచ్చగా చల్లార్చి వాడండి. సీసాను రోజూ కడిగి ఆరబెట్టండి.

మందులు లేవా?

కచ్చితంగా తిరిగి తెచ్చే మాత్ర ఇంతవరకు లేదు. ముక్కులో పాలిప్‌లు (లోపల పెరిగే మెత్తని కండలు), అలర్జీ ఉంటే స్టెరాయిడ్ స్ప్రేలు బాగా పనిచేస్తాయి. వైరస్ తర్వాతి లోటుకు మామూలు స్ప్రే సాధనకు అదనంగా పెద్ద మేలు చూపలేదు. ఉప్పునీటిలో బుడెసొనైడ్ అనే స్టెరాయిడ్ మందు కలిపి ముక్కు కడగడం, సాధనతో జోడిస్తే మెరుగని 2018లో ఒక పరిశోధన చూపింది. అది డాక్టరు రాస్తేనే చేయాలి. మింగే స్టెరాయిడ్లు షాపులో అడిగి కొనుక్కోకండి. చక్కెర జబ్బున్నవాళ్ళకు ఒక్క వారంలో షుగరు ఎక్కడికో పోతుంది. సొంత రక్తం నుంచి తీసిన ప్లేట్‌లెట్ ద్రవాన్ని ముక్కు పొరలోకి ఎక్కించే పద్ధతి చిన్న ప్రయోగాల్లో ఆశ చూపింది, ఇంకా పరిశోధన స్థాయిలోనే ఉంది.

వాసన వస్తోంది, కానీ ఉల్లిపాయ వేగితే మురుగు కంపు. కాఫీ కూడా అంతే. పిచ్చి పట్టిందేమోనని భయంగా ఉంది.

పిచ్చి కాదు. దీనికి పేరుంది, పారోస్మియా, అంటే వాసన వక్రించడం. సాధారణంగా వాసన పోయిన రెండు మూడు నెలలకు మొదలవుతుంది. నాడీకణాలు తిరిగి మొలుస్తున్నాయనడానికి ఇది తరచుగా గుర్తు. కాఫీ వాసనలో వందల అణువులుంటాయి. కొత్త కణాలు వాటిలో కొన్నింటినే పట్టుకుంటే మెదడుకు సగం మాట అందుతుంది. 2022లో ఇంగ్లండ్‌లోని రీడింగ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు కాఫీలోని అణువులను ఒక్కొక్కటిగా వేరుచేసి బాధితులకు చూపారు. ఎక్కువమందికి కంపు కొట్టింది 2-ఫ్యూరాన్‌మీథేన్‌థయోల్ అనే గంధకం ఉన్న అణువు. అతి కొద్ది మోతాదులోనే ముక్కుకు తగిలే రకం అది. వేయించిన, కాల్చిన వంటల్లో ఇలాంటివి పుడతాయి.

అందుకే కష్టపెట్టేవన్నీ ఒకే కుటుంబం: వేగిన ఉల్లి, వెల్లుల్లి, కోడిమాంసం, గుడ్డు, కాఫీ, వేయించిన పల్లీలు, కాల్చిన జీడిపప్పు, ఎండు నెత్తళ్ళు. వేడి తగ్గితే వాసన లేవదు కాబట్టి చల్లారినవి తినండి. చోడి అంబలి, చద్దన్నం, పెరుగన్నం, ఉడికించిన పెండలం, ఇడ్లీ, అరటిపండు, పాలు చాలామందికి పడతాయి. మాంసకృత్తులకు పప్పును వెల్లుల్లి తాలింపు లేకుండా ఉడికించి, ఆవాలు, కరివేపాకుతో చూడండి. ఉల్లి వేయించే సమయంలో ఆ మనిషిని పెరట్లో కూర్చోనివ్వండి. పళ్ళు తోముకునే పేస్టు వాసన పడకపోతే పుదీనా లేనిది మార్చండి. సాధన మానొద్దు. కంపు కొట్టే సీసా ఉంటే దాన్ని పక్కనపెట్టి మరొకటి తీసుకోండి.

ఏమీ లేకుండానే పొగ వాసన వస్తోంది.

ఇది ఫాంటోస్మియా. చాలావరకు తగ్గిపోతుంది. ముందుగా నిజంగా ఏదీ కాలడం లేదని వేరొకరి చేత చూపించుకోండి. క్షణాలపాటు వచ్చి, దానితో స్పృహ తప్పినట్టయితే మూర్ఛ కావచ్చు, నరాల డాక్టరును కలవాలి.

ఇంట్లో ప్రమాదాలేమిటి?

మొదటిది గ్యాసు. వంటగ్యాసుకు సొంత వాసన లేదు, లీకు తెలియాలనే మెర్కాప్టాన్ అనే కంపు కొట్టే రసాయనం కలుపుతారు. ఒక్కరే ఉండే ముసలివాళ్ళకు వాసన పోతే ఆ కాపలా పోయినట్టే. అలారం మోగే లీకు డిటెక్టరు పెట్టించండి. ఎల్పీజీ గాలికన్నా బరువు, కిందకు దిగుతుంది. కాబట్టి పరికరం నేలకు అడుగు ఎత్తులో ఉండాలి, పైకప్పు దగ్గర పెడితే వృథా. రాత్రి రెగ్యులేటరు కట్టేయండి. నెలకోసారి ట్యూబు మీద సబ్బునురగ రాసి బుడగలు చూడండి. ట్యూబు గడువు ఐదేళ్ళు, దానిమీద తేదీ ఉంటుంది. లీకైతే స్విచ్ వేయడం, ఆపడం రెండూ చేయకుండా తలుపులు తీసి బయటికొచ్చి 1906కు ఫోను చేయండి.

రెండోది తిండి. పాలు, చేపలు, కొబ్బరి పచ్చడి పాడైనా తెలియదు. గిన్నెల మీద వండిన రోజు రాయండి. చేపలు కొనేటప్పుడు మొప్పలు ఎర్రగా, కన్ను ఉబ్బి, వేలితో నొక్కితే గుంట నిలవకుండా ఉన్నాయో చూడండి. సందేహం వస్తే ఇంకొకరి ముక్కు అడగండి.

జీడి బట్టీలో, జూటు మిల్లులో పనిచేస్తాం. అదీ కారణమా?

జీడిపిక్కలు కాల్చినప్పుడు వచ్చే పొగ, జీడినూనె ఆవిరి, నార దుమ్ము ముక్కు పొరను రేపుతాయి. వైరస్ దెబ్బ మీద రోజూ ఇదీ పడితే కోలుకోవడం కష్టమవుతుంది. పలాస, కాశీబుగ్గ వైపు బట్టీల దగ్గర పనిచేసేవారు కోలుకునే నెలల్లోనైనా పిక్క కాల్చే చోటు నుంచి పొట్టు తీసే, గ్రేడింగు చేసే చోటికి మార్పించుకోవడం మంచిది. తువ్వాలు కట్టుకుంటే దుమ్ము కొంత ఆగుతుంది, ఆవిరి ఆగదు. పొగాకు, చుట్ట మానడం ఎవరికైనా మేలు.

మెదడుకు ఏమైనా అవుతుందా?

2022లో బ్రిటన్‌లో 785 మందికి రెండుసార్లు మెదడు స్కాన్లు తీసి పోల్చారు. రెండు స్కాన్ల మధ్య కోవిడ్ వచ్చినవారు 401 మంది. వీరిలో వాసనకు సంబంధించిన ప్రాంతాల్లో కొద్దిపాటి తరుగు ఎక్కువగా కనిపించింది. సగటున చిన్న తేడా అది, ఒక మనిషికి జబ్బని చెప్పేది కాదు. ఇక పార్కిన్సన్ జబ్బులో వణుకు రావడానికి ఏళ్ళ ముందే వాసన మెల్లగా తగ్గుతుంది. జ్వరంతో ఒక్కసారిగా పోయినదానికీ దానికీ తేడా ఉంది. ఏ జ్వరమూ లేకుండా నెమ్మదిగా తగ్గుతూ, నడక మందగించడం, చేతిరాత చిన్నదవడం కూడా ఉంటే నరాల డాక్టరుకు చూపించాలి.

ఎప్పుడు, ఎక్కడికి వెళ్ళాలి?

రెండు వారాలు దాటితే సాధన మొదలుపెట్టండి. నాలుగు నుంచి ఆరు వారాలు దాటితే చెవి ముక్కు గొంతు డాక్టరును కలవండి. ఆగకూడనివి: ఒకే పక్క దిబ్బడ, ఒకే పక్క రక్తం, తలకు దెబ్బ తగిలాక వాసన పోవడం, చూపులో తేడా, తీవ్రమైన తలనొప్పి. శ్రీకాకుళం రిమ్స్, విజయనగరం సర్వజన ఆసుపత్రి, విశాఖ కేజీహెచ్‌లలో చెవి ముక్కు గొంతు (ఈఎన్‌టీ) విభాగం ఉంది. విశాఖలో ప్రత్యేకంగా ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రీ ఉంది. సన్నని ఎండోస్కోపు గొట్టంతో ముక్కు పైదాకా చూస్తారు, అవసరమైతే స్కాను రాస్తారు. జ్వరం వచ్చిన తేదీ, వాసన పోయిన తేదీ, వాడుతున్న బీపీ, షుగరు మందుల పేర్లు, మీ ఆదివారం మార్కుల పుస్తకం వెంట తీసుకెళ్ళండి.

ఇంట్లోవాళ్ళు ఏం చేయాలి?

‘మాకేం రావట్లేదే, నీకెందుకొస్తుంది’ అనకండి. తిండి మీద విరక్తి, బరువు తగ్గడం, నా ఒంటికి చెమట కంపు కొడుతోందేమోనని నలుగురిలోకి రాకపోవడం, చంటిబిడ్డ తల వాసన తెలియక తల్లి కుమిలిపోవడం ఇందులో ఉన్నవే. వారానికోసారి బరువు చూడండి. నెలలో ఒంటి బరువులో ఇరవయ్యో వంతు తగ్గినా, మనిషి మాట తగ్గి పడుకునే ఉంటున్నా డాక్టరుకు చెప్పండి. రాత్రి సాధనకు పక్కన కూర్చుని, కళ్ళు మూయించి, సీసాలు వరుస మార్చి అందించండి. ఏ సీసా ఏదో తనే చెప్పాలి. తప్పు చెబితే పేరు చెప్పి, అదే సీసా మళ్ళీ ఒకసారి చూపించండి.